మన కొండ రాయిని ల్యాబ్‌లో ఏమని అడిగారు? తూర్పు కనుమల బాక్సైట్ పరీక్షల చరిత్ర



బాక్సైట్ పోరాటాల గురించి, జీవోల గురించి, కోర్టు తీర్పుల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి వాటన్నిటికంటే ముందు జరిగే ఒక పని గురించి రాస్తున్నాం. జీవో రాకముందే, కంపెనీ పేరు మన చెవిన పడకముందే, కొండ మీది నుంచి కొంత రాయి సంచుల్లోకెక్కి ఊరు దాటిపోతుంది. ఎక్కడో ఒక ల్యాబ్‌లో దాన్ని పొడి చేస్తారు, కాస్టిక్‌లో ఉడకబెడతారు, కాగితం మీద కొన్ని అంకెలు వేస్తారు. కొండ ఉండాలా పోవాలా అనే మాట మొదలయ్యేది ఆ కాగితం దగ్గరే. ధర్నాకి వెళ్లే మనలో చాలామందికి ఆ కాగితం చదవడం రాదు. సైన్స్ గ్రూప్ చదివే మన పిల్లలకి కూడా కాలేజీలో దాన్ని మన కొండతో కలిపి ఎవరూ చెప్పరు. అందుకే కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

రాయికి మన పేరు

అరకు, అనంతగిరి, చింతపల్లి, గూడెం కొత్తవీధి కొండలు, అటు ఒడిశాలో కోరాపుట్, రాయగడ, కలహండి కొండలు అన్నీ ఒకే వరస. ఈ కొండల్లో ఎక్కువగా కనబడే రాయి పేరు ఖోండలైట్. టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో పెట్టిన పేరది. అక్కడ ఉండే కోందు (ఖోండు) జనాన్ని చూసి రాయికి వాళ్ల పేరు పెట్టాడు. ఇవే కొండల్లో దొరికే ఇంకో రాయి చార్నోకైట్. కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే ఈస్టిండియా కంపెనీ దొర సమాధి మీది రాయిని బట్టి దానికి ఆ పేరొచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో ఏ భూగర్భ శాస్త్ర పుస్తకం తెరిచినా ఈ రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి దొర పేరు, ఇంకోటి మన జాతి పేరు. రాయికి మన పేరు పెట్టారు గానీ ఆ రాయి మీద మన మాట తీసుకోవడానికి ఇంకో వందేళ్లు పట్టింది. అది ఎలా జరిగిందో కింద రాశాం.

ఖోండలైట్ మీద కోట్ల ఏళ్లు వాన కురిసింది, ఎండ కాసింది. రాయిలో కరిగిపోయేవన్నీ నీళ్లతో కొట్టుకుపోయాయి. సున్నం పోయింది, సోడియం, పొటాషియం పోయాయి, సిలికాలో చాలా భాగం పోయింది. కరగనివి మిగిలాయి. అవి అల్యూమినియం, ఇనుము, టైటానియం. కొండ నెత్తిన టోపీలా మిగిలిన ఆ పొరే బాక్సైట్. మన వైపు గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది, సప్పర్ల, జెర్రెల, గూడెం, ఒడిశా వైపు పంచపట్‌మాలి, బాఫ్లిమాలి, నియమగిరి, వీటన్నిటి నెత్తినా ఉన్నది ఇదే.

మొదటి సంచి ఫ్రాన్సులో నిండింది

బాక్సైట్ అన్న పేరు ఒక ఊరి పేరు. దక్షిణ ఫ్రాన్సులో లే బో అని చిన్న ఊరుంది. అక్కడి ఎర్రరాయిని 1821లో పియేర్ బెర్తియే అనే రసాయన శాస్త్రవేత్త పరీక్ష చేశాడు. ఎర్రగా ఉంది కాబట్టి చూడ్డానికి ఇనుప రాయిలాగే ఉంటుంది. తీరా పరీక్ష చేస్తే అందులో సగానికి పైగా అల్యూమినా తేలింది. కానీ అప్పటికి దాన్నుంచి లోహం చౌకగా తీసే పద్ధతి ఎవరికీ తెలీదు. రాయిలో ఏముందో తెలిసినా ఎలా తీయాలో తెలీకపోతే ఆ కొండకి ప్రమాదం లేదు. లే బో రాయి అలా చాలా ఏళ్లు పెద్దగా పని లేకుండానే ఉండిపోయింది.

1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే, కరెంటుతో అల్యూమినా నుంచి అల్యూమినియం తీసే పద్ధతి కనిపెట్టారు. దానికి శుభ్రమైన అల్యూమినా కావాలి. రష్యాలో పని చేస్తున్న కార్ల్ జోసెఫ్ బేయర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1887 నుంచి 1892 లోపు ఆ దారి కనిపెట్టాడు. ఆయన వెతికింది లోహం కోసం కాదు, నూలు బట్టలకి రంగు పట్టించే అద్దకం పని కోసం. ఆయన పద్ధతి వినడానికి తేలిగ్గానే ఉంటుంది. బాక్సైట్‌ని మెత్తగా నూరి వేడి కాస్టిక్ సోడాలో ఉడకబెడితే అల్యూమినా కరుగుతుంది, ఇనుము కరగదు. కరగనిది ఎర్ర బురదగా అడుగున దిగుతుంది. పైన తేటని చల్లార్చి, అందులో పాత స్ఫటికాలు కొంచెం చల్లితే (పాలల్లో తోడు వేసినట్టే) అల్యూమినా తెల్లగా పేరుకుంటుంది. దాన్ని సుమారు 1,000 డిగ్రీల్లో కాలిస్తే తెల్లటి పొడి వస్తుంది. ఈ రోజుకీ ప్రపంచంలో అల్యూమినాలో ఎక్కువ భాగం ఇదే పద్ధతిలో తీస్తున్నారు.

పద్ధతి తెలిస్తే పరీక్ష ఎందుకు?

అసలు విషయం ఇక్కడుంది. బేయర్ పద్ధతి ఒక్కటే, కానీ ఒక్కో కొండ బాక్సైట్ ఒక్కో రకం. బియ్యం అన్నీ బియ్యమే అయినా కొత్త బియ్యానికి ఎంత నీరు, పాత బియ్యానికి ఎంత నీరు అని ఇంట్లో అమ్మ ముందు చూసుకుంటుంది కదా, ఇదీ అలాంటిదే. ఏ వేడిలో, ఎంతసేపు, ఎంత కాస్టిక్‌తో ఉడకబెడితే ఎంత అల్యూమినా వస్తుందో ఆ కొండ రాయితోనే తేల్చాలి.

పని ఇలా నడుస్తుంది. ముందు కొండ మీద గళ్లు గీసినట్టు కొలిచి, వరసగా గుంటలు తవ్వుతారు, లేదంటే డ్రిల్లింగ్ చేస్తారు. లోతుని కొద్ది కొద్దిగా విడగొట్టి ఒక్కో ముక్కకి ఒక్కో సంచి, సంచికి నంబరు. ల్యాబ్‌కి చేరాక రాయిని నలగ్గొట్టి, కుప్ప పోసి, కుప్పని నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు రెండు ఉంచి రెండు పారబోస్తారు. మళ్లీ నలగ్గొట్టి మళ్లీ అలాగే చేస్తారు. కింటాళ్ల రాయి చివరికి గుప్పెడు పొడి అవుతుంది. ఆ గుప్పెడు కొండ మొత్తానికి సాక్షి. సాక్షిని సరిగ్గా ఎంచుకోకపోతే తర్వాత ఎంత మంచి యంత్రం ఉన్నా లాభం లేదు. అందుకే ఈ పని చేసేవాళ్లు శాంపిల్ తీయడంలోనే సగం పనితనం ఉందంటారు.

ఆ పొడిని అడిగే ప్రశ్నలు ముఖ్యంగా నాలుగు.

ఒకటి, అల్యూమినా మొత్తం ఎంత, అందులో కాస్టిక్‌కి దొరికేది ఎంత? ఈ రెండూ వేర్వేరు. రాయిలో 45 శాతం ఉన్నా అందులో కొంత మట్టిలో బిగుసుకుని బయటికి రాదు. ప్లాంట్ లెక్క దొరికేదాని మీదే నడుస్తుంది.

రెండు, అది ఏ రూపంలో ఉంది? గిబ్‌సైట్ అనే రూపంలో ఉంటే 100 నుంచి 150 డిగ్రీల వేడికే కరుగుతుంది. బోహ్‌మైట్ అయితే 200 దాటాలి. డయాస్పోర్ ఇంకా మొండిది. వేడి పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, పాత్ర గోడలు మందంగా ఉండాలి, బొగ్గు ఎక్కువ కావాలి, ఖర్చు పెరుగుతుంది. ప్రెషర్ కుక్కర్ లాంటి చిన్న స్టీలు పాత్రల్లో (ఆటోక్లేవ్ అంటారు) ఒకే శాంపిల్‌ని రకరకాల వేడిలో ఉడికించి ఈ సంగతి తేలుస్తారు.

మూడు, కాస్టిక్‌ని తినేసే సిలికా ఎంత? బంకమట్టిలో ఉండే సిలికా కాస్టిక్‌తో కలిసిపోయి బురదలోకి దిగిపోతుంది. కిలో సిలికా పోతూ పోతూ సుమారు కిలో కాస్టిక్‌ని తీసుకుపోతుంది. తక్కువ వేడిలో ఇసుక రూపంలోని సిలికా అంతగా కదలదు. అందుకే మొత్తం సిలికా వేరు, తినే సిలికా వేరు లెక్క కడతారు.

నాలుగు, మిగిలిన ఎర్ర బురద ఎంత తొందరగా దిగుతుంది? గాజు గొట్టంలో పోసి గడియారం పెట్టుకుని చూస్తారు. ఆలస్యంగా దిగితే తొట్లు పెద్దవి కట్టాలి, లేదా బురద తొందరగా గడ్డకట్టడానికి పిండి పదార్థం లాంటివి కలపాలి.

ఈ జవాబులు వచ్చాక చిన్న ప్లాంట్‌లో టన్నుల లెక్కన నడిపి చూస్తారు. ఆ తర్వాతే అసలు ప్లాంట్ డ్రాయింగ్ వేస్తారు.

మన కొండల జవాబు

1970ల్లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తూర్పు కనుమల్లో పెద్ద ఎత్తున బాక్సైట్ ఉందని తేల్చింది. పరీక్షల్లో వచ్చిన జవాబు కంపెనీలకి చాలా నచ్చింది. మన బాక్సైట్‌లో అల్యూమినా ఎక్కువగా గిబ్‌సైట్ రూపంలో ఉంది. తినే సిలికా తక్కువ. అంటే తక్కువ వేడికే కరుగుతుంది, కాస్టిక్ ఎక్కువ తినదు.

1981లో నాల్కో ఏర్పడింది. ఫ్రాన్సుకు చెందిన పెషినే కంపెనీ టెక్నాలజీ ఇచ్చింది. కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో కట్టిన రిఫైనరీని ఈ రాయికి సరిపోయేలా, పెద్ద ఒత్తిడి లేకుండా మామూలు వాతావరణ పీడనంలోనే రాయి కరిగే పద్ధతిలో తయారుచేశారు. 1985లో పంచపట్‌మాలి మీద తవ్వకం మొదలైంది, 1986లో రిఫైనరీ నడిచింది, 1987లో అంగుల్‌లో అల్యూమినియం కరిగింది. ఒక టన్ను అల్యూమినియంకి సుమారు 14 వేల యూనిట్ల కరెంటు కావాలి, అందుకే లోహం తీసే ఫ్యాక్టరీ కొండ దగ్గర కాకుండా తాల్చేరు బొగ్గు గనుల దగ్గర పెట్టారు. అమ్మే అల్యూమినా మన విశాఖ పోర్టులో ఓడ ఎక్కుతుంది. విదేశాల నుంచి వచ్చే కాస్టిక్ కూడా అదే పోర్టులో దిగుతుంది. రాయి ఒకచోట, లోహం ఇంకోచోట, ఓడ మరోచోట. దామన్‌జోడి చుట్టుపక్కల ఆదివాసీ కుటుంబాలు భూములు, ఊళ్లు వదులుకున్నాయి.

ఒక్క మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ల్యాబ్‌లో పని చేసినవాళ్లు తప్పు లెక్కలు వేశారని మేం అనడం లేదు. వాళ్ల లెక్కలు సరైనవే, ప్లాంట్ నడవడమే దానికి రుజువు. సమస్య జవాబుల్లో లేదు, ప్రశ్నల్లో ఉంది. రాయి అడిగినదానికే జవాబు చెప్తుంది. అడగనిది ఎంత పెద్ద విషయమైనా కాగితం మీదకి రాదు.

అడగనివి

నీళ్లు అడగలేదు. బాక్సైట్ పొర నిండా సన్న సన్న రంధ్రాలుంటాయి, వాన పడితే నీటిని ఇముడ్చుకుంటుంది. ల్యాబ్‌లో శాంపిల్‌ని ముందు ఆరబెట్టి తేమ ఎంతో రాసి పక్కన పెడతారు. వాళ్లకి అది తీసేయాల్సిన బరువు. కొండ కింద ఊరికి అదే ఊట, అదే గెడ్డ. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ బొర్రా గుహల్లోంచి దిగి తాటిపూడి జలాశయానికి చేరుతుంది, అక్కడి నుంచి విశాఖ నగరానికి నీళ్లు పోతాయి. ఏ ఊటకి ఎన్ని నెలలు ఏ కొండ పొర నుంచి నీరొస్తుందో కొలవడం కూడా ఒక పరీక్షే. కానీ అది ఆ నాలుగు ప్రశ్నల్లో లేదు.

బురద ఎంత తొందరగా దిగుతుందో అడిగారు, దిగాక ఎక్కడుంటుందో ఊరిని అడగలేదు. టన్ను అల్యూమినాకి సుమారు మూడు టన్నుల మన బాక్సైట్ పడుతుంది, టన్నుకి పైగా ఎర్ర బురద మిగులుతుంది. అందులో కాస్టిక్ ఉంటుంది, తాకితే చర్మం కాలుతుంది. 2010 అక్టోబరు 4న హంగరీలో ఆయ్‌కా రిఫైనరీ బురద చెరువు గట్టు తెగి ఊళ్ల మీద పడింది. పది మంది చనిపోయారు, చాలామందికి ఒళ్లు కాలింది. యూరప్‌లోనే అలా జరిగింది.

కొండ మీద బతుకు విలువ అడగలేదు. అరకు, చింతపల్లి కాఫీ ఇప్పుడు దేశమంతా తెలుసు, 2019లో అరకు అరబికా కాఫీకి జీఐ గుర్తింపు వచ్చింది. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా ప్రతి ఏడూ వస్తాయి. బాక్సైట్ ఒక్కసారే వస్తుంది.

కోర్టు పెట్టిన పరీక్ష

మన వైపు కథ వేరే దారి పట్టింది. అనంతగిరి మండలంలో ప్రైవేటు కంపెనీలకి ఇచ్చిన గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకి వెళ్లింది. హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టులో 1997 జులై 11న ముగ్గురు జడ్జిల్లో ఇద్దరి మెజారిటీతో తీర్పు వచ్చింది. 1/70 చట్టంలో ఏజెన్సీ భూమిని ఆదివాసీ కాని 'వ్యక్తి'కి ఇవ్వకూడదని ఉంది కదా. ఆ 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, కాబట్టి ప్రభుత్వం తన భూమినైనా ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. తవ్వాలంటే ప్రభుత్వ సంస్థ గానీ ఆదివాసీల సహకార సంఘం గానీ తవ్వాలి, లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం అభివృద్ధికి పక్కన పెట్టాలి అంది. ల్యాబ్‌లో గట్టెక్కిన రాయి చట్టం దగ్గర ఆగిపోయింది.

ఆగింది గానీ అయిపోలేదు. 2005లో జిందాల్‌తో, 2007లో రస్ అల్ ఖైమాతో ఒప్పందాలు జరిగాయి. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుతుంది, కంపెనీలు కొనుక్కుని మైదానంలో రిఫైనరీ పెట్టుకుంటాయి అని. మాకవరపాలెం దగ్గర రిఫైనరీ కట్టేశారు కూడా. 2015 నవంబరులో జీవో 97తో జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అటవీ భూమి ఇచ్చారు. ఏజెన్సీ అంతా లేచింది. జీవోని పక్కన పెట్టారు, 2019లో రద్దు చేశారు.

ఒడిశాలో నియమగిరి కథ ఇంకా పెద్ద పాఠం. లాంజిగఢ్‌లో కొండ కింద రిఫైనరీ ముందే కట్టారు, 2007లో నడవడం మొదలైంది. కొండ తవ్వే అనుమతి అప్పటికి చేతికి రాలేదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంది. ఆ ఏడాదే 12 గ్రామసభలు జరిగాయి, పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. రాయికి కోందుల పేరు పెట్టిన 111 ఏళ్లకి కోందుల్ని రాయి గురించి అడిగారు.

ఆలస్యంగా వచ్చే ప్రశ్న

ఈ రెండు కథల్లో ఒక పోలిక గమనించండి. రెండు చోట్లా ప్లాంట్ ముందు, అనుమతి తర్వాత. మెటలర్జీ తెలిసినవాళ్లకి దీని అర్థం ఏంటో తెలుసు. గిబ్‌సైట్ రాయికి తగ్గట్టు తక్కువ వేడి ప్లాంట్ కట్టేస్తే, మొండి బాక్సైట్ తెచ్చి అందులో పోస్తే ఉడకదు. వేరే చోట నుంచి సరిపోయే రాయి తెచ్చుకోవాలి, రవాణా ఖర్చు నెత్తిన పడుతుంది. అంటే ప్లాంట్ కట్టిన రోజు నుంచి అది పక్క కొండనే అడుగుతూ ఉంటుంది. 'ఇంత డబ్బు పెట్టాం, ఇప్పుడు కాదంటే ఎలా' అనే మాట అక్కడే పుడుతుంది. ఆ మాట వెనక ప్లాంట్ ఉంది, ప్లాంట్ వెనక డ్రాయింగ్, డ్రాయింగ్ వెనక పరీక్ష, పరీక్ష వెనక సంచి. మన్ని అడగాల్సింది సంచి నింపేటప్పుడు. అడుగుతున్నది అన్నీ అయిపోయాక.

చట్టం ఇక్కడ మనకి ఎంతవరకు తోడుందో కూడా తెలుసుకోవాలి. 1996 పీసా చట్టంలో ఖనిజ అన్వేషణ లైసెన్సుకి, గనుల లీజుకి ముందే గ్రామసభ సిఫారసు ఉండాలని ఉంది. కానీ అది ఇసుక, కంకర లాంటి చిన్న తరహా ఖనిజాలకే. బాక్సైట్ ఆ లెక్కలోకి రాదు. పెద్ద ఖనిజానికి పెద్ద నష్టం, అక్కడే గ్రామసభ మాట అవసరం ఎక్కువ, అక్కడే చట్టం మౌనంగా ఉంది. పీసా మీద మాట్లాడే ప్రతి చోటా ఈ ఒక్క పాయింట్ మర్చిపోకుండా చెప్పండి.

పరీక్ష చేయడం మనకి కొత్తదా?

కాదు. మధ్య భారతంలో అగారియాలు తరతరాలుగా కొండ రాయిని ఏరి, బరువు, రంగు చూసి, మట్టి కొలిమిలో బొగ్గుతో కరిగించి ఇనుము తీసేవాళ్లు. వెరియర్ ఎల్విన్ 1942లో వాళ్ల మీద ఒక పుస్తకమే రాశాడు. వాళ్లదీ పరీక్షే, ఆటోక్లేవ్ లేదంతే. తేడా ఏంటంటే రాయిని ఎంచినవాడు, కరిగించినవాడు, ఆ కొండ కింద నీళ్లు తాగేవాడు ఒక్కడే. ఎంత తీయాలి, ఎక్కడ ఆపాలి అన్నది కూడా అతని చేతిలోనే ఉండేది. ఇప్పుడు ఆ ముగ్గురూ వేర్వేరు మనుషులు, నీళ్లు తాగేవాడికి మిగతా ఇద్దరి మొహం కూడా తెలీదు.

అందుకే మన పిల్లలు జియాలజీ, కెమిస్ట్రీ, మెటలర్జీ చదవాలని మేం గట్టిగా అంటున్నాం. నాగపూర్‌లో అల్యూమినియం పరిశోధన కోసమే జవహర్‌లాల్ నెహ్రూ పేరుతో ఒక కేంద్రం ఉంది. అలాంటి చోట్ల మన వాళ్లు ఉండాలి. కంపెనీకి పని చేయడానికని కాదు, వద్దనడానికి మాత్రమే అని కూడా కాదు. ఐదో ప్రశ్న, ఆరో ప్రశ్న అడగడానికి. ఊట కొలిచే పరీక్ష, బురద ఎక్కడుంటుందో తేల్చే పరీక్ష శాంపిల్ సంచితో పాటే మొదలవ్వాలని చెప్పడానికి.

ఒక పని మాత్రం ఈ సెలవుల్లోనే చేయొచ్చు. మన కొండల మీద గుంటలు తవ్వినప్పుడు తవ్విన కూలీలు, సంచులు మోసినవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల మనుషులే. వాళ్లలో కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. మీ ఊళ్లో తాతల్ని, మామ్మల్ని కూర్చోబెట్టి అడగండి. ఏ కొండ, ఏ ఏడు, ఎంత లోతు, రోజు కూలి ఎంత, ఎందుకు తవ్వుతున్నామని చెప్పారా లేదా. ఆ ఏడు గుర్తులేకపోతే ఏ తుఫాను వచ్చిన ఏడు, ఎవరి పెళ్లి జరిగిన ఏడు అని అడిగితే గుర్తొస్తుంది. విన్నది విన్నట్టు వాళ్ల మాటల్లోనే, కువి అయితే కువిలోనే రాసి ఉంచండి. పాత గుంటలు ఇంకా కనబడుతుంటే ఫొటో తీసి పెట్టండి. రాయి చెప్పిన జవాబులు ప్రభుత్వం ఫైళ్లలో భద్రంగా ఉన్నాయి. సంచి మోసిన మనిషి చెప్పేది మాత్రం ఏ ఫైల్లోనూ లేదు, అది మనమే రాయాలి.

జోహార్.